బాడుగ బోర్డు

వేమగల్‌లో ఫ్యాక్టరీ పని పోయి, అతను ఊరికి బయలుదేరాడు. ఏడాదికని చేరిన గదిని నాలుగు నెలలకే ఖాళీ చేసి తాళంచెవి చాపితే, ఇంటి యజమానురాలు అందుకోలేదు.

"అక్కా, నా అడ్వాన్సు..."

"యాడుండాదప్పా? అదో, కొట్టంలో నిలబడి మేత మేస్తా ఉండాది. నువ్వు ఏడాదుంటావని నమ్మి ఆవును పట్టుకొచ్చినాను."

"నేనూ నమ్మినానక్కా. మా షిఫ్టునంతా ఒకేసారి తీసేస్తారని యెవురికి తెలుసు?"

"నీ దుడ్డు నేను తినేదాన్ని కాదప్పా. కొత్తవాళ్ళు వచ్చి అడ్వాన్సిస్తే, ముట్టుకోకుండా నీకే పంపిస్తాను. నీ అక్షరం గుండ్రంగా ఉంటాది కదా, బోర్డు నువ్వే రాసిచ్చి పో."

అతను ఆమె తెచ్చిన అట్టముక్కను మోకాలిమీద పెట్టుకున్నాడు.

"కన్నడంలోనా అక్కా?"

"కన్నడంలోనే రాయి. ఫ్యాక్టరీకి వచ్చే పిల్లోళ్ళకి అదే తెలుస్తాది."

‘గది బాడుగకు ఉంది’ అని కన్నడంలో రాసి, కింద ఆమె ఫోన్ నంబరు వేసి ఇచ్చాడు.

"అబ్బా, కొట్టివేత ఒకటైనా లేకుండా ఎంత బిరబిరా రాసినావప్పా!"

"చెయ్యి తిరిగిపోయిందక్కా. పొద్దున్నుంచి ఈ వీధిలో నేను రాసిచ్చిన బోర్డుల్లో ఇది ఏడోది."