నాన్న చేతిలో బంతి

వడ్రంగి షెడ్డు. చిత్రిక పడుతున్న తండ్రి, పరిశోధన పని వదిలేసి వచ్చిన కూతురు.

"మీ సారు మెచ్చుకుంటే, భుజాలు తడుముకుంటావేం అమ్మడూ?"

"దొంగనే కాబట్టి. కిందటి నెల మా ప్రయోగంలో నీకు కళ్లద్దాలు పెట్టాను, గుర్తుందా?"

"ఎందుకు లేదు? లేని బంతి గాల్లో కనిపించింది. చేతిలో మాత్రం నిజం బంతి పెట్టావు."

"కనిపించేది నిమ్మకాయంత. చేతిలో పెట్టింది కమలాపండంత. తాకగానే కనిపించేది కూడా పెద్దదైనట్టు అనిపిస్తుంది. ఇరవై తొమ్మిది మందికి అలాగే అనిపించింది."

"నాకు?"

"ఎన్నిసార్లు తాకించినా నిమ్మకాయంతే అన్నావు."

"కనిపించిందే చెప్పాను."

"నలభై ఏళ్ల కంటికొలత ఉన్నవాడు, చేతి మాట వింటాడా అనుకున్నా. సారేమో తొందరపెడుతున్నారు. అందుకే..."

"అందుకే?"

"నీ అంకెలు దిద్దేశాను. అందరివీ ఎలా ఉన్నాయో అలా."

"ఓసి పిచ్చిదానా. దీనికా ఇంత దూరం వచ్చావు? గీత తప్పితే చెరిపి గీసుకోమూ?"

"ఇది గీత కాదు నాన్నా, అబద్ధం. నిన్ను అడ్డం పెట్టుకుని ఆడాను. సిగ్గుగా ఉంది. రేపు సారుకి చెప్పేస్తా. ముందు నీకు..."

"చెప్పావుగా. ఇక వదిలేయ్. ఆ ఉలి ఇలా అందుకో."

"ఆగు. ఆ గుడ్డేంటి వేళ్లకి? తడిసిపోయింది."

"పొద్దున ఉలి జారిందిలే."

"ఇంత లోతుగానా? నొప్పి లేదూ?"

"ఏమో, చెక్క మీద రక్తం పడ్డాకే చూశా."

"చూశాక తెలిసిందా?"

"పనిలో పడితే ఏం తెలుస్తుందే?"

"ఆ రెండో చెయ్యి చాపు. కళ్లు మూసుకో."

"మళ్లీ పరీక్షలా?"

"మూసుకో నాన్నా. ఇప్పుడు చెప్పు, చేతిలో ఏం పెట్టాను?"

"ముందు పెట్టు, చెబుతా."

"చెప్పు నాన్నా."

"పెట్టవేం?"

"ఎప్పుడో పెట్టాను నాన్నా. ఉప్పుకాగితం."

"చూస్తే గానీ తెలియలేదే."

"ఎప్పటినుంచి ఇలా?"

"ఆర్నెల్లయింది. తిమ్మిరే అనుకున్నా. మీ అమ్మకి చెప్పకు."

"డాక్టరుకి చూపించుకోవద్దూ?"

"వెళ్దామనే అనుకున్నా, ఆసుపత్రి చీటీ కూడా రాయించుకున్నా. ఆ రోజే నువ్వు ఫోన్ చేశావు, 'పరీక్షలో నీ చెయ్యి అందరి చేతుల్లాగే చెప్పింది నాన్నా' అని. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని, ఇక వెళ్లలేదు."