చింతపండుతో తోమిన రూపాయి

వనపర్తిలో ఆ దంపతుల ఇంటికి పాత నాణేలు చూడ్డానికి గద్వాల నుంచి వచ్చిన పెద్దమనిషి అప్పుడే వెళ్లిపోయాడు. అతని ముందే భార్యను తెలివిలేనిదానివని తిట్టాననే సంగతి, ఆ నాణేలు కూడబెట్టిన భర్తకు ఇప్పుడు గుచ్చుకుంటోంది.

"లక్ష్మీపూజల పెడ్దామని చింతపండేసి తోమిన. రాణి బొమ్మ రూపాయి నల్లగుండె గద," అంది భార్య.

"ఆ నలుపే దాని అందం. నూరేండ్ల సంది పట్టింది. తోమితే గీతలు పడ్తయి, ఇగ దాన్ని మంచి రకంల లెక్కగట్టరు."

"నాకేం తెల్సు?"

"ఒక్కమాట అడగొద్దా?"

"ఎట్ల అడగాలె? నాణేల డబ్బా దగ్గరికొస్తెనే కసురుతవు. వచ్చినోళ్లకల్లా సూపిస్తవు. నేను చాయ్ ఇచ్చి లోపలికి పోవుడే. పెండ్లయిన సంది ఒక్కనాడన్న నన్ను కూసోమన్నవా?"

ఆయన ఆ రూపాయిని డబ్బాలో పెట్టి మూతేశాడు.

"రూపాయి పోతే పోయింది. బయటి మనిషి ముంగల గంత మాటంటివి."

"తప్పు నాదే. గద్వాలాయనకు ఫోన్ చేసి గదే చెప్త."

సిగ్గుతో ఆమె మొహం చూడలేక, డబ్బా మూత తీసి ముందుకు జరిపాడు.

"జర సూడు. అంచులు పట్టుకొని తియ్యి."

"వద్దు. నా చేతులకు చెమటున్నది. ఇంకోటి గూడ ఖరాబైతదేమో."

ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.