సున్నం రాళ్ల కింది గడ్డి

పదకొండేళ్లుగా చెబుతున్నాను. అప్పుడు ఎవరూ వినలేదు. ఇప్పుడు ఒక పిల్ల పోయింది కాబట్టి విచారణకు వచ్చిన మీరు కుర్చీ వేసి అడుగుతున్నారు.

నన్ను అందరూ సున్నం తాత అంటారు. వయసు డెబ్బై ఒకటి. హెలికాప్టర్ శిక్షణ మైదానంలో గడ్డి కోసి, గుర్తులకు సున్నం కొట్టడం నా పని.

పదకొండేళ్ల కింద మైదానం అడుగున పైపు వేసి, మట్టిని దిమ్మిసతో కొట్టి గట్టిపరచకుండా పూడ్చారు. వాన పడితే మడమ దిగిపోతుంది. ఆ మాటే చెబితే, "హెలికాప్టర్ ఎగిరేది గాల్లో, నేలతో నీకేం పని ముసలాయనా?" అని నవ్వారు. నేనే ఇరవై రెండు రాళ్లు తెచ్చి, సున్నం కొట్టి, ఆ మెత్తని చోటు చుట్టూ పెట్టాను.

మూడు వారాల కింద పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారని మైదానం అధికారి, "ఆ రాళ్లు తీసెయ్, శ్మశానంలా ఉంది" అన్నారు. నా చేతులతోనే తీశాను. ఇరవై రెండూ. అది దాచను. మళ్లీ పెట్టనా అని రెండుసార్లు అడిగాను. "చెప్తాలే" అన్నారు. చెప్పలేదు.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి శిక్షణలో ఉన్న అమ్మాయి నన్ను చూసి, "ఏం తాతా, మైదానానికి పళ్లు ఊడాయా?" అంది.

"పీకించారు. పైపు వైపు దిగకు."

"సరే తాతా."

ఆ రోజు ఒక్కతే నడిపింది. పైనుంచి చూస్తే గడ్డి అంతా ఒకటే పచ్చగా ఉంటుంది, మెత్తని చోటు ఏదో తెలియదు. తొమ్మిదీ నలభైకి అక్కడే దిగింది. హెలికాప్టర్ కింద కాళ్లలా ఉండే రెండు కమ్మీల్లో ఎడమది మట్టిలో కూరుకుపోయింది. లేపబోతే కుడివైపు మాత్రమే లేచి, యంత్రం పక్కకు తిరగబడింది. నేను వెళ్లేసరికి ప్రాణం లేదు. బూట్లకు మట్టి కూడా అంటలేదు.

నన్ను ఇంటికి పంపేశారు. బుధవారం ఆరింటికి వచ్చి చూస్తే రాళ్లు మళ్లీ చుట్టూ ఉన్నాయి. నేను పెట్టలేదు. అధికారులేమో రాళ్లు ఎప్పుడూ అక్కడే ఉన్నాయంటున్నారు, ఆ పిల్లే చూసుకోలేదట. ఆ పిల్ల నాన్న వరండాలో నిలబడి, "మా అమ్మాయి అజాగ్రత్త మనిషి కాదండీ" అని ప్యూనుకు కూడా చెబుతున్నాడు.

పదకొండేళ్లు రాయి ఉన్నచోట గడ్డి ఉండదు. ఈ మూడు వారాల వానకు మొలిచింది. ఒక రాయి ఎత్తి చూశాను. కింద గడ్డి పచ్చగా నలిగి ఉంది. మిగతా ఇరవై ఒకటి ముట్టలేదు. అవి మీరు ఎత్తాలి. ఇవాళ గురువారం. ఆదివారం దాటితే ఆ గడ్డి పండి కుళ్లిపోతుంది. ఆ తర్వాత నా మాట ఒక్కటే మిగులుతుంది. దాని విలువెంతో పదకొండేళ్లు చూశాను.

చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అబద్ధం లేదు. వేలిముద్ర వద్దు, నా పేరు వరకు రాయడం వచ్చు.

ఎత్తారా లేదా, ఆదివారం పొద్దుగూకేలోగా నాకు జవాబు చెప్పాలి.

(సంతకం)