తీగ మీద పట్టీలు

స్విట్జర్లాండ్ కొండల్లో ఎత్తున ఒక రాతి బస. ఏప్రిల్ నెల, తెల్లవారుజాము ఐదు. పొయ్యి దగ్గర ఇద్దరే ఉన్నారు: బస నడిపే లదీనా, కొండ గైడు రిష్.

"లదీనా, తీగ మీద ఆరేసిన పట్టీల్లో ఒక్కటీ లేదు."

"సరిగ్గా చూడు బాబాయ్. స్కీల కింద అంటించే పట్టీలకి కాళ్లుండవు, నడిచిపోడానికి."

"ఏడుగురివీ కలిపి పద్నాలుగు. అవి లేకపోతే పైకి ఒక్క అడుగు వెయ్యలేం, జర్రున వెనక్కొస్తాం. దొంగల్ని గానీ పెట్టుకున్నావా బసలో?"

"రాత్రి ఇక్కడ పడుకున్నది నీ ఆరుగురు జ్యూరిచ్ దొరలు, నువ్వు, నేను. పట్టీల కోసం దొంగ ఇంత ఎత్తు ఎక్కొస్తే ముందు వాడికి టీ ఇస్తాను."

"అయితే నువ్వే తీశావు."

"నేనా?"

"నిన్నట్నుంచీ ఒకటే నస. వేడిగాలి, వేడిగాలి అని."

"వేడిగాలిని ఇంకేమనాలి? రాత్రంతా మబ్బు. చూరు కారడం ఆగలేదు. మంచు గడ్డకట్టనే లేదు. ఇందాక కట్టెల కోసం వెళ్తే తొడదాకా దిగబడ్డాను. ఎండ తగిలిందంటే ఆ తూర్పు వాలు మొత్తం జారి మీ ఏడుగురినీ కప్పేస్తుంది."

"నిన్న ఆ వాలు మీదే గుంట తవ్వి చూశాను. పొర పొరా రాయిలా ఉంది."

"విన్నాను, విన్నాను. ముప్పై ఏళ్లలో శిఖరం చూపించకుండా ఎవర్నీ దింపలేదని కూడా విన్నాను. సూపు చల్లారేలోపు మూడుసార్లు చెప్పావు. మూడోసారి నేనూ చప్పట్లు కొట్టాను."

"వెటకారం ఆపు. పట్టీలు పోయాయి, దిగిపోదాం అని వాళ్లకి చెప్పాలి ఇప్పుడు. నా ఖర్మ."

"ఖర్మెందుకు? కొట్టుగదిలో మా నాన్న దాచిన పాత పట్టీలున్నాయి. ఎనిమిది జతలు."

"ఏంటీ?"

"నువ్వు లేవకముందే మీవాళ్లకి ఇచ్చేశాను. తీగ ఖాళీగా కనిపిస్తే దొంగని నేనే అంటావని తెలుసుగా."

"ఇచ్చే... అవి సరిపోవు. జిగురు ఎండిపోయుంటుంది."

"బ్రహ్మాండంగా అంటుకున్నాయి. నీకోసం ఆగలేక బయల్దేరారు కూడా. దారి నిన్నే చూపించావటగా."

"వెళ్లారా? ఎటు, ఆ వాలుకా? లదీనా, కేకెయ్యి, ఆపు వాళ్లని."

"రాయిలా ఉందన్నావుగా?"

"రాయీ లేదు, ఏమీ లేదు. మూరెడు తవ్వేసరికి గుప్పిట్లో మంచు పిండితే నీళ్లు కారాయి. అందరూ చస్తారు. తప్పుకో, నన్ను వెళ్లనీ."

"బూట్లు విప్పు బాబాయ్. ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. పైన గురకలు వినపడట్లేదా? కొట్టుగదిలో ఉన్నవి బంగాళాదుంపలు."

"బంగాళాదుంపలా?"

"ఊఁ. ఇప్పుడు చెప్పు. పట్టీలెక్కడ?"

"నా పరుపు కింద. రాత్రంతా వాటి మీదే పడుకున్నాను. మంచు బాగోలేదు, నేను వెనక్కి తిరుగుతున్నాను అనడానికి నోరు రాలేదు. దొంగ పడ్డాడంటే వాళ్లు బతుకుతారు, నా పేరూ బతుకుతుందనుకున్నాను. తీసింది నేనే, లదీనా."