మందు కొట్టని నువ్వులు

దిగు సారూ, జీపు దిగు! ఆడ కూసుంటె నా నువ్వుచేను ఎట్ల కనవడ్తది నీకు? పోయినేడు గూడ గంతే జేస్తివి. "గుర్వమ్మా, చేనుకు మందు కొట్టినవా?" అంటివి. లేదంటి. వేలిముద్ర ఏపిచ్చుకొని పోతివి.

ఏంది? టైం లేదా? అచ్చంపేట కాన్నుంచి ఈడిదాంక వచ్చినవు, గట్టుదాంక నడువనీకి టైం లేదా?

పోయినేడు నేను జెప్పింది నిజమే. ఎందుకు కొట్టలేదో ఎరికేనా నీకు? తొంభై ఆరుల పత్తికి మందు కొట్టుకుంట కొట్టుకుంటనే మా ఆయన గాలయ్య సాళ్లల్ల పడ్డడు. నోట్లెకెల్లి నురుగు. దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వల్నే పాయె. గా దినంకెల్లి పోయినేటిదాంక మందు డబ్బ ముట్టలే సారూ.

వేపగింజలు దంచి నీళ్లు చల్లిన. ఒక్కొక్క ఆకు తిప్పి, పురుగును చేతితోని ఏరిన. నడుము ఇరిగింది. మందు లేని పంట అని సంచి మీద నువ్వు పచ్చముద్ర గుద్దితె, గా సంచి బయటిదేశం పోతదంటె, ఎంత మురిసిన్నో!

మరి గోదాంల ఏం జేస్తిరి? నా నువ్వులు, పక్కచేను దశరథం నువ్వులు ఒక్క కుప్ప జేస్తిరి! దశరథం మూడుసార్లు కొట్టిండు, ఊరంత ఎరికే. అడిగితె నవ్విండు. "నన్ను గూడ అడిగిన్రక్కా. లేదన్న. రాస్కున్రు" అన్నడు.

గంతేనా సారూ? గా దేశంల ఎవలో తల్లి గా ముద్ర జూసి పిల్లకు తినవెడ్తది. ఆమె నా చేను జూసిందా, దశరథం చేను జూసిందా? నిన్ను నమ్మె!

గట్టిగ ఒర్రొద్దంటవా? ఒర్రుత! ఇయ్యాల మళ్ల గదే కాయితం, గదే మాట. అయితె ఇను.

ఈ యేడు పురుగు చేనంత కమ్మింది. వేపనీళ్లకు ఆగలే. ఏరంగ ఏరంగ చేతేళ్లు పుండ్లాయె. ఏరినోళ్లకూ గదే ముద్ర, కొట్టినోళ్లకూ గదే ముద్ర. మరి నేనొక్కదాన్నే ఎందుకు సావాలె? దశరథం తాన పంపు అడుక్కొచ్చిన. కొట్టిన సారూ. నేనే. నా మొగన్ని మింగిన మందే, గీ చేతులతోని. కొట్టుకుంట ఏడ్చిన, గాని ఆపలే.

నాలుగు దినాలే ఆయె. జీపు దిగితె నీ ముక్కుకే తెలుస్తుండె.

రాయి. కొట్టిందని రాయి.

ఏం రాసినవ్? సదువు జర... లేదనే రాసినవా? నేను నోరార జెప్తుంటె లేదని రాస్తివా! ఇగ నన్ను అడుగుడెందుకయ్యా?

సరే, తే. గా సిరా తే. ఏస్త వేలిముద్ర. పంట ఇంట్ల వెట్టుకొని నేనేం జేస్కోవాలె?

మా మనుమరాలికి మాత్రం గీ నువ్వులు పెట్టనే పెట్ట సారూ.