అనన్య అడిగిన పాట

నా పాపానికి ప్రాయశ్చిత్తం మూడు మంగళవార్త జపాలా? అంతేనా ఫాదర్ గారూ?

నేనేందో కోడలి మీద నోరు జారానని చెప్పుకున్నట్టు చులాగ్గా తేల్చేశారే! మీరు సరిగ్గా వినలా. బయట లైన్లో ఇంకో పదిమంది ఉన్నారని మీ తొందర మీది. ఉండనీండి వాళ్లని. ఈ మెల్‌బోర్న్‌లో తెలుగు ఫాదరు మాకు నెలకొక్కసారి దొరుకుతారు. ఇంగ్లీషు ఫాదరు దగ్గర పాపసంకీర్తనం చేసుకోడానికి నాకు భాష యాడిది? "సారీ ఫాదర్" అని ఊరుకోవాలి.

ఏందీ? తిరుసభ పద్ధతే పాటించాను కాబట్టి అసలది పాపమే కాదా?

అట్టా అంటారనే నా భయం. మొదట్నుంచి చెప్తా, ఈసారన్నా వినండి.

స్టెల్లా ఇల్లు ఈ ఊళ్లోనే, పాయింట్ కుక్‌లో మా అబ్బాయి ఇంటికి రెండు వీధులవతల. మన గుంటూరు వైపు పిల్లే. కంప్యూటర్ ఉద్యోగం మానేసి, పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తది. ఆమె ఒక్కతే కాదు, అట్టాంటి కథోలికుల ఇళ్లు నాలుగు కలిసినయ్యి. మలయాళీ వాళ్లు, గోవా వాళ్లు, ఒక తెల్లావిడ. ఆ తెల్లావిడకి ఆరుగురు! ఈ రోజుల్లో ఆరుగురు! నన్ను లూర్దమ్మ అనలేక "లూర్డ్స్" అంటది. మంగళవారం మంగళవారం స్టెల్లా వాళ్ల గరాజులో చాపలేసి, పిల్లలందరికీ పాటలు నేర్పే పని నాకిచ్చారు.

నవ్వకండి. నాది ఐదో తరగతే. పాట గుర్తులున్న కాయితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నా. తెల్లావిడ పెద్దకూతురు వచ్చి తిప్పి పెట్టింది. మా ఆయన నలభై ఏళ్లు మా ఊరి గుళ్లో హార్మోనియం వాయించాడు గదా, పక్కన కూచుని పాడీ పాడీ చెవికి పట్టింది, అంతే. ఆయన పోయాక ఆ పెట్టె కూడా ఎవరికో ఇచ్చేశా. పెట్టుకుని ఏం చేసుకోను, బట్టలు దాచుకోనా?

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. స అంటే మోకాలు. ప అంటే గుండె. పై స అంటే నెత్తి. పిల్లలు పాడతా, తట్టుకుంటా పోతారు. అది చూసి స్టెల్లా గవర్నమెంటుకి పంపే కాయితాల్లో, మ్యూజిక్ అని ఉన్నచోట, నా పేరు రాసింది. "ఇదిగో ఆంటీ, మీరే" అని వేలు పెట్టి చూపించింది. రేషన్ కార్డు మీద తప్ప నా పేరు ఎవరు రాశారు ఫాదర్ గారూ ఇన్నేళ్లలో? ఆ రోజు ఇంటికి నడుస్తున్నట్టు లేదు, తేలుతున్నట్టుంది.

స్టెల్లా రెండో కూతురు అనన్య. ఆరేళ్లది. చెవులకి మిషన్లు. పుట్టినప్పుడు బాగానే వినపడేదంట, ఏడాదికేడాదికి తగ్గుతా వచ్చింది. అయినా దాని శ్రుతి చూడాలి మీరు! ఎప్పుడూ నా కాళ్ల దగ్గరే, నా నోరు చూస్తా కూచునేది. "ఒసే, నోరు పెద్దగా తెరువ్" అంటే "అయామ్ ఓపెనింగ్, ఆంటీ!" అని నా మీదే ఎగిరేది.

ఇక్కడ వీళ్లకొక ఆచారం ఉంది. ఈస్టరుకి ముందు నలభై రోజులు, తపస్సు కాలంలో, మనం అల్లెలూయ పాడం గదా. వీళ్లు దాన్ని నిజంగానే పూడ్చిపెడతారు! తపస్సు మొదలయ్యే విభూది బుధవారానికి ముందురోజు పిల్లలు కాయితం మీద రంగులతో అల్లెలూయ అని రాసి, బిస్కెట్ డబ్బాలో పెట్టి, పెరట్లో నిమ్మచెట్టు కింద గొయ్యి తీసి పాతేశారు. ఈస్టరు పొద్దున తవ్వి తీయాలి. అందాకా ఆ మాట ఎవరి నోటా రాకూడదు. "ప్రాక్టీసు కూడా వద్దు ఆంటీ" అంది స్టెల్లా. అప్పటికే నేర్పేశాలే ఒక అల్లెలూయ పాట. నాకూ నచ్చింది ఆ కట్టుబాటు. మనూళ్లో ఇంత నిష్ఠ ఎవరికుంది?

నడి తపస్సులో డాక్టర్లు ఫోన్ చేశారు. అనన్యకి రెండు చెవులకీ ఆపరేషన్, లోపల యంత్రం పెడతాం అని. పెట్టాక మనుషుల మాట బాగా వినపడుద్దంట. మంచిదే గదా. కానీ ఇప్పుడు మిగిలిన ఆ కాస్త సొంత వినికిడి పోవచ్చంట. పాట పాటలాగా వినపడుద్దని మాత్రం మాటివ్వలేం అన్నారంట. స్టెల్లా టమాటాలు కోస్తా చెప్పింది నాకు. ఏడవలా. నేనూ ఏడవలా. ఏడిస్తే చెవులొస్తయ్యా?

ఆపరేషను, ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం ఉంది గదా, దానికి ముందు బుధవారం. మంగళవారం నేను పాఠానికి పోయా. పిల్లలంతా ఎల్లిపోయారు. హాస్పిటలు నుంచి ఫోనొస్తే స్టెల్లా ఇంట్లోకి పోయింది. గరాజులో నేనూ, అనన్యా.

"ఆంటీ, ఆ సాంగ్. వన్ టైమ్. ప్లీజ్."

ఏ పాటో అడగలేదు నేను. అదే చూపించింది. మోకాలు, గుండె, నెత్తి. ఆ అల్లెలూయ పాటే.

"ఈస్టరుకి పాడుకుందాంలే" అన్నా.

"బట్ ఐ వోంట్ హియర్ ఇట్ దెన్."

నాకు ఇంగ్లీషు రాదు. ఆ ముక్క మాత్రం అర్థమైంది. అప్పటికి నాకు వినపడదుగా, అంటంది.

ఏమన్నానో తెలుసా? "పూడ్చిపెట్టినదాన్ని తవ్వకూడదు. దేవుడికి కోపమొస్తది" అన్నా. ఆరేళ్ల పిల్లతో! దేవుడు నాకేమన్నా చెప్పాడా, కోపమొస్తదని?

అది లేచింది. చెప్పులేసుకుని లోపలికి పోయింది.

ఈస్టరు పొద్దున డబ్బా తవ్వారు. పిల్లలది ఒకటే గోల. అనన్య చెవుల వెనక కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నయ్యి. యంత్రం మొదలుపెట్టేది ఇంకో రెండు వారాలకంట, అందాకా చెవుడే. అయినా వచ్చి వరసలో నిలబడింది. పక్కపిల్ల చేతులు చూసి తనూ తట్టుకుంటంది. అందరూ గుండె దగ్గరికి పోతే ఇది ఇంకా మోకాలి దగ్గరే. నోరు మాత్రం ఇంత పెద్దగా తెరిచింది, నేను చెప్పినట్టే. పాట అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది పాడతానే ఉంది.

స్టెల్లా నా చెయ్యి పట్టుకుని "థ్యాంక్యూ ఆంటీ" అంది. నాకు!

పద్ధతి పాటించావమ్మా, తప్పు లేదంటారు మీరు. పద్ధతా? నేను పాడకపోయింది స్టెల్లా వినుద్దేమోనని ఫాదర్ గారూ! విని, ఈ ముసల్దానికి కట్టుబాటు తెలియదని, ఆ కాయితంలో నా పేరు కొట్టేస్తదేమోనని. అదీ నా భక్తి.

ఉండండి, చెయ్యి ఎత్తకండి, దీవెన తర్వాత. ఇంకా ఒకటుంది. ఇందాక చెప్పలా.

తపస్సంతా నేను పాడుకున్నా. అదే పాట. రోజూ పొద్దున అంట్లు తోముకుంటా, కోడలికి వినపడకుండా కుళాయి బాగా తిప్పుకుని. ఆపుదామని కూడా అనుకోలా. ఆ మంగళవారం పొద్దున కూడా పాడుకునే వాళ్లింటికి పోయా. పిల్ల అడిగేటప్పటికి పాట నా నాలిక మీదే ఉంది. చిన్నగా పాడినా సరిపోయేది. అది నా నోటి దగ్గరే కూచుని ఉంది గదా.

స్టెల్లాకి చెప్పలా. చెప్పను కూడా. చెప్తే నాకు బరువు దిగుద్ది, ఆమెకి ఎక్కుద్ది.

ఎల్లుండి మంగళవారం. పిల్లలొస్తారు. పోయి చాపలేయాల్సిందేగా.