తడిగుడ్డ చుట్టిన ఇమానం

"అవ్వా, తాత కువైట్‌లో కారు బోల్తా పడి పోయినాడంట గదా?"

ఎవురు చెప్పినారు నీకు? మీ నాయనేనా? వానికి నేను చెప్పిందే అది. కూచో తల్లీ, ఇట్లా కూచో.

అప్పుడు మేమిద్దరం కువైట్‌లోనే, అబూ హలీఫాలో ఒగే ఇంట్లో పనికి ఉంటిమి. నాది వంటపని, మీ తాతది డ్రైవరు పని. మొగునికీ పెండ్లానికీ ఒగే కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన ఒగే అరబ్బు కింద, పని దొరికిందని మా యక్క కుళ్లుకునేది. దాని సంగతి వద్దులే ఇప్పుడు. ఆ ఇంటి చిన్నకొడుక్కు ఇమానాల పిచ్చి. పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా తెప్పించి, ఎడారిలో వాళ్ల తోటకాడ రేకుల షెడ్డులో, పుస్తకం చూసుకుంటా బిగించినాడు. ఇద్దరు కూచునేది. ఆటో అంత ఉంటాది... కాదులే, ఇంకా పొడుగే.

దానికి ఏరే పెట్రోలు పొయ్యాలంట. అది ఎయిర్‌పోర్టులోనే దొరుకుతాది, పోతే కాయితాలు అడుగుతారు. వీని కాడ యాడివి? మా దేశంలో నీళ్ల కంటే పెట్రోలు చవక, కారుకు పోసేదే దీనికీ పోస్తా అనె. చవకేలే అప్పుడు, నిజమే. చలికాలమంతా బాగానే ఎగిరింది. ఎండలు ముదిరినాక సూడు, ఆ పెట్రోలు పైపులోనే ఉడికి ఆవిరైపోయేది. ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయేది.

మీ తాత రాయచోటిలో టాక్సీ తోలినోడు గదా. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు అంబాసిడర్లు ఇట్లే మొరాయిస్తే, ఇంజను కాడుండే పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టేటోళ్లు. ఆడా అదే చేసినాడు. నా పాత చీరె చించి, తడిపి చుట్టినాడు. ఇంజను గడగడా పలికె. ఆ పిల్లోడు సంబరపడి, రేపు నువ్వూ నాతో ఎక్కు అనె.

ఆ పూట మీ తాత అన్నం తింటా నాతో అన్నాడు, "నేల మీద ఆగితే పక్కకు పెట్టి మళ్లా తడుపుకుంటాం. పైన యాడ పెట్టేది?" ఎక్కనని చెప్పేయి అంటి. చెప్పినాడంట గూడా. ఆ పిల్లోడు నవ్వి, భయమా, యల్లా, ఎక్కు అన్నాడంట. ఇఖామాలు, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, వాళ్ల చేతిలో ఉండె. కాదంటే ఖలాస్, ఇద్దరం ఇంటికే.

మరుసటి దినం తోటలో నేను చేపలు కడుగుతా ఉంటి. పైన సప్పుడు ఇనపడతా ఉండె. ఉన్నట్టుండి ఆగిపాయ. చేపలు ఆన్నే పారేసి ఉరికితి. ఆ పిల్లోనికి నడుం ఇరిగింది, బతికినాడు. మీ తాత...

కొంచెం నీళ్లియ్యి.

మామా, అదే ఆ పిల్లోని తల్లి, వచ్చి నా పక్కన నేల మీద కూచుని ఏడ్చె. మంచిదే ఆ యమ్మ, అబద్ధం చెప్పకూడదు. ఇమానం మాట బయటికొస్తే నా బిడ్డను లోపలేస్తారు, కారు బోల్తా పడిందని చెప్పు అనె. శవాన్ని పంపాలన్నా, నన్ను పంపాలన్నా వాళ్లు సంతకం పెట్టాల. ఏం చేద్దును?

ఊళ్లో శవం పెట్టె దించినప్పుడు టాక్సీ స్టాండోళ్లంతా వచ్చిరి. ఒగాయన అనె, "ఇన్నేండ్లు ఘాట్ల మీద తోలి, సదరంగా ఉండే రోడ్డు మీద బోల్తా కొట్టించినాడే" అని. అందరూ తలకాయలూపిరి. నేను ఆన్నే కూచుని ఇంటా ఉంటి. బండికి ఒగ గీత పడనియ్యని మనిషి తల్లీ ఆయన. సచ్చిందాని కంటే నాకు ఆ మాటే ఎక్కువ నొప్పి, ఏందో మరి.

నువ్వు సల్లగా ఉండు, నూరేండ్లు ఉండు. ఎవురన్నా అడిగితే మాత్రం చెప్పు, ఆ దినం మా తాత చేతిలో స్టీరింగు లేదని...